మొదటి సాలార్‌జంగ్

మొదటి సాలార్‌జంగ్ (1829 - ఫిబ్రవరి 8, 1883) హైదరాబాదు రాజ్యానికి 1853 నుండి మరణించే వరకు సుమారు ముప్పై సంవత్సరాలు దివానుగా పనిచేసిన రాజనీతిజ్ఞుడు. ఇతని అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. ముఖ్తారుల్ ముల్క్ అన్నది ఇతని బిరుదులలో ఒకటి. నాసిరుద్దౌలా, అఫ్జలుద్దౌలా, మహబూబ్ అలీఖాన్ అనే ముగ్గురు నిజాముల కాలంలో ఇతడు పదవిలో ఉన్నాడు. భూమిశిస్తు వసూలు చేసుకొనే హక్కును ఎక్కువ పాట పాడినవారికి అప్పగించే ఇజారా పద్ధతిని తొలగించి, జీతం తీసుకొనే ఉద్యోగులతో జిల్లా పాలనను నెలకొల్పడం ఇతని ప్రధాన కార్యంగా చెప్పబడుతుంది. సాలార్‌జంగ్ అనగానే నేడు చాలామందికి హైదరాబాదులోని మ్యూజియం గుర్తుకు వస్తుంది. ఆ సంగ్రహంలో అధికభాగాన్ని సేకరించినది ఇతని మనుమడైన మూడవ సాలార్‌జంగ్.

కుటుంబము, తొలి ఉద్యోగము

సాలార్‌జంగ్ పూర్వీకులు మొదట బీజాపూరు ఆదిల్‌షాహీలను, పిదప ఢిల్లీ చక్రవర్తులను, ఆ తరువాత నిజాములను కొలిచారు. నిజాము దివానుగా పేరుపొందిన మీర్ ఆలం ఈ కుటుంబానికి బంధువు. ఇతని తాత మునీరుల్ ముల్క్, పినతండ్రి వరుసైన సిరాజుల్ ముల్క్ కూడా దివానులే. అయితే కుటుంబానికి పేరు ఎంత ఉన్నదో అప్పులు కూడా అంతే ఉండేవి.

1848లో, ఇరవై ఏళ్ళు నిండకముందే, ఇతడు ఖమ్మం ప్రాంతానికి తాలూకాదారుగా నియమించబడ్డాడు. అంతకు పూర్వం ఆ తాలూకాలను డైటన్ అనే ఆంగ్లేయుడు నిజాము తరఫున నిర్వహించేవాడు. యువకుడైన మీర్ తురాబ్ అలీ అక్కడ ఉన్నది ఏడాది లోపే. పటేల్, పట్వారీల లెక్కలు ఎలా వ్రాయబడతాయో, గ్రామం నుండి రాజధాని వరకు రూపాయి ఎన్ని చేతులు మారుతుందో తెలుసుకొనేందుకు ఈ ఉద్యోగం ఇతనికి తొలి అవకాశం.

అప్పటి ఖమ్మం ప్రాంతము ఒకే విధమైనది కాదు. పడమట చెరువుల కింద వరి పండే గ్రామాలు ఉండేవి. తూర్పుగా వెళ్ళిన కొద్దీ అడవి దట్టమై, పాల్వంచ, అశ్వారావుపేటల మీదుగా గోదావరి వరకు కోయల పోడు భూములు వ్యాపించి ఉండేవి. అశ్వారావుపేటకు ఆ పేరు పాల్వంచ జమీందార్లైన అశ్వారావు వంశీకుల వలన వచ్చిందంటారు. ఈ అడవి అంచున వంశపారంపర్య జమీందారు నిజాముకు పేష్కషు చెల్లించేవాడు. మైదానపు తాలూకాలు మాత్రం పాటదారుల చేతులలో ఉండేవి. అడవి భూమిలో ఎంత పండుతుందో రాజధానిలో కూర్చున్నవాడు అంచనా కట్టలేడు గనుక అక్కడ పాటదారుకు ఆశ కూడా తక్కువే.

ఇజారా వేలము

ఇజారా అనగా ఒక తాలూకా లేదా గ్రామసముదాయపు శిస్తును ఒక మొత్తానికి గుత్తకు తీసుకొనడం. ఈ పద్ధతి ఆసఫ్‌జాహీలు కనిపెట్టినది కాదు. 1618 నుండి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న విలియం మెత్‌వోల్డ్ అనే ఆంగ్ల వర్తకుడు గోల్కొండ కుతుబ్‌షాహీల రాజ్యంలో పరగణాల అధికారాలు ఏటేటా ఎక్కువ సొమ్ము ఒప్పుకొన్నవారికి ఇవ్వబడేవని వ్రాశాడు. ఒప్పుకొన్న సొమ్ము చెల్లించలేని అధికారికి కఠినశిక్షలు ఉండేవని కూడా అతని రచన వలన తెలుస్తున్నది. పాల్వంచ పరగణా తహసీల్దారైన కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచల రామాలయం కట్టించి గోల్కొండ చెరసాల పాలైన కథ తెలుగువారందరికీ తెలిసినదే. భక్తి విషయం అటుంచితే, వసూలు చేసిన సొమ్ముకు అధికారి స్వయంగా పూచీ పడవలసిన ఆనాటి పద్ధతి ఆ కథకు వెనుకనున్న నేపథ్యం.

19వ శతాబ్దపు తొలి అర్ధభాగంలో ఈ పద్ధతి హైదరాబాదులో మిక్కిలి విషమించింది. 1843 వరకు అధికారం చెలాయించిన మహారాజా చందూలాల్‌కు ఎప్పుడూ రొక్కం కావలసి ఉండేది. సైన్యపు ఖర్చు, పామర్ కంపెనీ వంటి వడ్డీ వ్యాపార సంస్థల బాకీలు, దర్బారు వ్యయము పెరుగుతూ ఉండగా, తాలూకాలను పాటకు పెట్టడం సులభమైన మార్గంగా కనిపించింది. పాటదారు ఒప్పుకొన్న మొత్తం గాక ముందుగానే నజరానా చెల్లించేవాడు. ఆ రొక్కం అతని వద్ద ఉండదు గనుక సాహుకారు దగ్గర అప్పు తెచ్చేవాడు. సాహుకారు తన అప్పు రాబట్టుకొనేందుకు అరబ్బు లేదా రొహిల్లా సిపాయిలను తాలూకాలో కూర్చోబెట్టేవాడు. దర్బారులోని పెద్దలు కొందరు తాలూకాలను తమ పేర తీసుకొని నాయబులను పంపేవారు. ఆ నాయబు మరొకరికి ఉపగుత్తకు ఇచ్చేవాడు. ఈ గొలుసులో ప్రతివాని లాభమూ చివరకు రైతు కళ్ళంలోని ధాన్యం నుండే రావాలి.

వేలము అన్నంత మాత్రాన ఈ దుస్థితి తప్పనిసరిగా కలుగదు. ఏ వేలానికైనా రెండు నియమాలు ముఖ్యమైనవి. పాట ఎప్పుడు ముగుస్తుందన్నది ఒకటి. ముగిసిన తరువాత గెలిచినవాని హక్కు ఎంతకాలం నిలుస్తుందన్నది రెండవది. సంతలో మూడుసార్లు చెప్పి పాట కొట్టివేసినా, నేటి ఆన్‌లైన్ వేలాలలో గడియారం ప్రకారం పాట ముగిసినా జరిగేది ఒకటే: అక్కడి నుండి వేరొకరు ఎక్కువ ఇస్తానన్నా చెల్లదు. పాటదారులు తమ ఎత్తుగడలన్నీ ఆ గడువును బట్టియే పన్నుకుంటారు. కొందరు చివరి క్షణం వరకు తమ అంకె బయటపెట్టరు. కొందరు మొదటనే పెద్ద అంకె చెప్పి ఇతరులను భయపెడతారు. చందూలాల్ కాలపు ఇజారాలో ఆ గడువే లేదు. ఒకనికి తాలూకా ఇచ్చిన కొద్ది నెలలకే మరొకడు ఇంకా పెద్ద నజరానాతో వస్తే మొదటివాని పట్టా రద్దయ్యేది. అప్పుడప్పుడు పాత ఇజారాదారు ఖాళీ చేయక, కొత్తవాడు తన సిపాయిలతో దిగి, ఇద్దరూ ఒకే గ్రామం నుండి వసూలుకు పూనుకొన్న సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇటువంటి స్థితిలో తెలివైన పాటదారు ఏమి చేస్తాడు? ఉదాహరణకు ఒక తాలూకా ఏటా లక్ష రూపాయల శిస్తును కష్టం లేకుండా ఇవ్వగలదనుకొందాము. పదేళ్ళ పట్టా ఉన్నవాడు చెరువు గండ్లు పూడ్పిస్తాడు, కరువు సంవత్సరంలో రైతుకు తగ్గింపు ఇస్తాడు, ఎందుకంటే వచ్చే ఏడాది పంట కూడా తనదే. ఎప్పుడు తొలగింపబడతాడో తెలియనివాడు లక్షా ఇరవై వేలకు పాడినా, మొదటి పంటలోనే ఆ సొమ్ము, నజరానా, వడ్డీ అన్నీ పిండుకొంటాడు. విత్తనాల గింజలు కూడా మిగలనీయడు. కాబట్టి ఎక్కువ పాట పాడినవాడు తాలూకాను బాగా ఎరిగినవాడు కానవసరం లేదు. ఎక్కువ నిర్దయుడు గాని, తన లెక్క తప్పినవాడు గాని అయి ఉండవచ్చు. గెలిచినవాడు తరచుగా వస్తువు విలువను మించి పాడినవాడే అవుతాడన్న విషయాన్ని ఆర్థికశాస్త్రజ్ఞులు 1970ల తరువాత విజేత శాపం అని పేరు పెట్టి చర్చించారు. నిజాము రాజ్యంలో ఆ శాపం విజేతకు గాక రైతుకు తగిలింది. గ్రామాలు విడిచి వలస పోవడమే రైతు చేతిలోని ఏకైక ఎదురుపాట.

దీనిని సవరించే ప్రయత్నం సాలార్‌జంగ్‌కు ముందే ఒకసారి జరిగింది. 1820 నుండి 1825 వరకు రెసిడెంటుగా ఉన్న చార్లెస్ మెట్‌కాఫ్ ఐరోపా పర్యవేక్షకులను నియమించి, గ్రామాల శిస్తును కొన్ని సంవత్సరాల పాటు మారకుండా నిర్ణయింపజేశాడు. 1829లో నాసిరుద్దౌలా గద్దెనెక్కగానే ఆ పర్యవేక్షకులను ఉపసంహరించమని కోరడంతో ఆ ఏర్పాటు అంతమై, పాత పద్ధతి మళ్ళీ తలెత్తింది. పరాయివారి చేత జరిగిన సంస్కరణ కనుక దర్బారులో దానికి అండ లేకపోయిందని భావించవచ్చును.

దివాను పదవి

1853 మే నెలలో కంపెనీ ప్రభుత్వం సైనిక ఖర్చుల బాకీ కింద బేరారు, ఉస్మానాబాదు ప్రాంతము, రాయచూరు అంతర్వేది జిల్లాలను తన నిర్వహణలోకి తీసుకొన్నది. ఆ నెలలోనే సిరాజుల్ ముల్క్ మరణించాడు. ఇరవై నాలుగేళ్ళ మీర్ తురాబ్ అలీఖాన్ దివాను అయ్యాడు. అప్పటికి ఖజానా వట్టిపోయి ఉన్నది. మిగిలిన జిల్లాలలో చాలా భాగం అరబ్బు జమేదార్లకు, సాహుకార్లకు తాకట్టులో ఉన్నది.

సాలార్‌జంగ్ ఒక్కసారిగా ఇజారాను రద్దు చేయలేదు. అలా చేసి ఉంటే నజరానా చెల్లించినవారు, వారికి అప్పు ఇచ్చినవారు, ఆ అప్పుకు కాపలా ఉన్న సిపాయిలు అందరూ ఒక్కటయ్యేవారు. అతడు మొదట అప్పుల లెక్కలు తేల్చి, వాయిదాలలో చెల్లించేటట్లు ఒప్పందాలు చేసుకొని తాకట్టు తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించాడు. విడిపించిన తాలూకాను తిరిగి పాటకు పెట్టక, జీతం మీద తాలూకాదారును నియమించాడు. ఈ విధంగా వేలము కొన్ని సంవత్సరాలలో క్రమంగా కుంచించుకొని పోయింది. అరబ్బు సైనికుల సంఖ్యను తగ్గించడం, రొహిల్లాల దోపిడీలను అణచడం, న్యాయస్థానాలను, పోలీసు దళాన్ని ఏర్పరచడం ఇదే కాలంలో జరిగిన ఇతర పనులు. హైదరాబాదులో దారుల్ ఉలూమ్ విద్యాలయం కూడా ఈ దశాబ్దంలోనే వెలసింది.

ఈ మార్పుల వలన నష్టపోయినవారు తక్కువమంది కారు. 1859లో రెసిడెంటు డేవిడ్సన్‌తో కలిసి దర్బారు నుండి వస్తుండగా ఇతనిపై కాల్పులు జరిగాయి. 1868లో మరల హత్యాయత్నం జరిగింది. రెండు పర్యాయాలూ ఇతడు ప్రాణాలతో బయటపడ్డాడు. అయితే మొదటి దాడికి శిస్తు సంస్కరణల కన్నా 1857 నాటి ఆగ్రహమే కారణమని ఎక్కువమంది అభిప్రాయము.

1857 తిరుగుబాటు, 1860 ఒప్పందము

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగింది. సాలార్‌జంగ్ ఆ దాడిని గురించి రెసిడెంటుకు ముందే హెచ్చరిక పంపాడు. దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ 1859లో చంపబడ్డాడు. అలావుద్దీన్ అండమానుకు పంపబడ్డాడు. ఈ విషయంలో సాలార్‌జంగ్‌పై విమర్శలు నేటికీ ఉన్నాయి. రాజ్యాన్ని కాపాడాడని కొందరు, దేశస్థుల పక్షాన నిలువలేదని కొందరు భావిస్తారు. తిరుగుబాటు అణచివేతలో ఆంగ్లేయులు తలమునకలై ఉన్న సమయంలోనే ఇతడు తన సంస్కరణలను మరింత వేగంగా నడిపించుకొన్నాడన్నది మాత్రం నిర్వివాదము.

1860 డిసెంబరు ఒప్పందం ప్రకారం నిజాము 50 లక్షల రూపాయల బాకీ రద్దయ్యింది. ఉస్మానాబాదు, రాయచూరు జిల్లాలు తిరిగి వచ్చాయి. సురపురం సంస్థానం నిజాముకు దక్కింది. దీనికి బదులుగా గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి మొదలైన తాలూకాలు ఆంగ్లేయుల పరమయ్యాయి. అంతవరకు అశ్వారావు వంశీకుల ప్రాబల్యం కింద ఒకటిగా ఉన్న అడవి ప్రాంతం ఈ ఒప్పందంతో నది వెంబడి రెండుగా చీలింది. పాల్వంచ, అశ్వారావుపేట వైపు నిజాము రాజ్యంలో మిగిలాయి. భద్రాచలం మొదట మధ్య పరగణాల కింద, 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లా కింద పాలింపబడింది.

జిల్లాబందీ

1864లో మాల్గుజారీ మజ్లిసు పేర రెవెన్యూ బోర్డు ఏర్పడింది. 1865లో జిల్లాబందీ అమలు చేయబడింది. రాజ్యమంతా జిల్లాలుగా విభజింపబడి, ప్రతి జిల్లాకు మొదటి తాలూకాదారు, అతని కింద రెండవ, మూడవ తాలూకాదారులు, తాలూకాకు ఒక తహసీల్దారు నియమించబడ్డారు. 1867లో ఈ జిల్లాలు ఐదు సుబాల కింద చేర్చబడ్డాయి. తాలూకాదారు అనే మాట పాతదే అయినా అర్థం పూర్తిగా మారిపోయింది. పూర్వం అది పాట గెలిచినవాని పేరు, జిల్లాబందీ తరువాత అది నెలజీతం పుచ్చుకొనే ఉద్యోగి హోదా. శిస్తు ధాన్యరూపంలో గాక నగదుగా తీసుకొనడం కూడా ఈ కాలంలో విస్తరించింది. 1870వ దశకంలో భూముల సర్వే మొదలైంది.

జిల్లాబందీ రైతు కష్టాలన్నిటినీ తీర్చలేదు. శిస్తు వసూలులో పూర్వం నుండి పలుకుబడి కలిగిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు తమ పాత విధులు కోల్పోయినందుకు బదులుగా రుసుము అనే వార్షిక భత్యాన్ని పొందుతూ, భూములపై తమ పట్టును నిలుపుకొన్నారు. కొన్ని తరాల తరువాత తెలంగాణ రైతాంగ పోరాటం ఎదుర్కొన్నది ఆ పట్టునే. జాగీర్లు, సర్ఫేఖాస్ భూములు, సంస్థానాలు ఈ సంస్కరణకు వెలుపలనే ఉండిపోయాయి గనుక పాల్వంచ అడవులలో దీని ప్రభావం నామమాత్రమే. ఆబ్కారీ, అనగా కల్లు, సారా ఆదాయము, గుత్తల పద్ధతిలోనే సాగింది. భూమి విషయంలో హానికరమని తేలిన పాట, మద్యం విషయంలో ఖజానాకు సౌకర్యంగా ఉన్నందున నిలిచింది.

నదికి ఆవలి ఒడ్డున ఆ గుత్తల ఫలితం త్వరలోనే బయటపడింది. రంప ప్రాంతపు కొండలలో గిరిజనులు తమ ఇంటి అవసరానికి కల్లు గీసుకొనడం తరతరాల అలవాటు. మద్రాసు ప్రభుత్వపు కొత్త ఆబ్కారీ నిబంధనల ప్రకారం కల్లు ఆదాయం గుత్తేదార్లకు ఇవ్వబడింది. గుత్తేదారు మనుషులు తమ పెట్టుబడిని ప్రతి చెట్టు నుండి, ప్రతి ఇంటి నుండి రాబట్టడానికి దిగారు. 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో చెలరేగిన రంప పితూరీకి మున్సబుదారు ఆగడాలతో పాటు ఇది ముఖ్య కారణము. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర ఇందులో నాయకులు. అదే సంవత్సరంలో తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వైపుకు వ్యాపించింది. అక్కడ పోడు మీద పన్ను పెరగడం కూడా ప్రజల కోపానికి తోడయ్యింది. 1880 చివరకు గాని ప్రభుత్వం దానిని అణచలేకపోయింది. 1860 ఒప్పందంతో చేతులు మారిన భూమికి ఇది వ్యాపించడం గమనార్హము.

అటవీ ఉత్పత్తుల వేలాలు ఈ ప్రాంతంలో తరువాత కూడా ఆగలేదు. బీడీ ఆకు వర్తకాన్ని 1971 చట్టంతో ప్రభుత్వమే చేపట్టిన తరువాత, అడవిని యూనిట్లుగా విభజించి కొనుగోలుదార్ల నుండి టెండర్లు పిలిచే పద్ధతి ఏర్పడింది. ఇందులో పాట ముగిసే తేదీ, ఆకు సేకరించేవారికి చెల్లించవలసిన ధర ముందే నిర్ణయింపబడతాయి. ఇజారాలో లోపించినవి ఆ రెండే.

చివరి సంవత్సరాలు

1869లో అఫ్జలుద్దౌలా మరణించగా, పసివాడైన మహబూబ్ అలీఖాన్ తరఫున సాలార్‌జంగ్, అమీరె కబీర్ షంసుల్ ఉమ్రా కలిసి రాజప్రతినిధులుగా వ్యవహరించారు. అఫ్జలుద్దౌలా కాలంలో ప్రభువు అనుమానాల వలన సాలార్‌జంగ్‌కు చాలా చిక్కులు ఉండేవి. ఆ తరువాత అధికారం విస్తరించింది. 1870లో బ్రిటిషు ప్రభుత్వం ఇతనికి జి.సి.ఎస్.ఐ. బిరుదు ఇచ్చింది. 1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలుమార్గం ప్రారంభమైంది.

బేరారును తిరిగి సంపాదించడం ఇతని జీవితకాలపు కోరిక. అందుకొరకై 1876లో ఇంగ్లండు వెళ్ళాడు. మార్గమధ్యంలో పారిస్‌లో మెట్లపై జారిపడి తొడ ఎముకకు గాయమైనా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం ఆ సంవత్సరం జూన్‌లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. బేరారు మాత్రం రాలేదు. నేడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని ఇతడు ఈ యాత్రలోనే రోములో కొన్నాడు.

1883 ఫిబ్రవరిలో ఐరోపా నుండి వచ్చిన ఒక రాజవంశీకుని గౌరవార్థం మీర్ ఆలం చెరువు వద్ద విందు, పడవ విహారం ఏర్పాటు చేశాడు. ఆ వెంటనే కలరా సోకి ఫిబ్రవరి 8న మరణించాడు. అప్పటికి యువ నిజాముకు పాలనాధికారం అప్పగించే సమయం దగ్గరపడి ఉన్నది. పాతబస్తీలోని దాయెరా మీర్ మోమిన్‌లో, కుటుంబ శ్మశానవాటికలో ఇతనిని ఖననం చేశారు. కుమారుడు మీర్ లాయక్ అలీఖాన్ రెండవ సాలార్‌జంగ్‌గా 1884లో దివాను అయ్యాడు గాని ఆ పదవిలో మూడేళ్ళే ఉన్నాడు. ఖమ్మం 1953లో వరంగల్లు నుండి విడివడి జిల్లా అయ్యింది. 1860లో విడిపోయిన భద్రాచలం 1959లో ఆ జిల్లాలో తిరిగి కలిసింది. 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో అశ్వారావుపేట, పాల్వంచ, భద్రాచలం మూడూ ఉన్నాయి.